ఉమ్మడి స్టెప్నీ గారికి ఒక మనవి

గౌరవనీయులైన స్టెప్నీ గారికి,

మహారాష్ట్రలోని సిరోంచలో ట్యాక్సీ బొలెరోలు నడుపుకునే మేమందరం కలిసి రాయించుకున్న ఉత్తరం ఇది. మా అందరి బండ్లకూ కలిపి ఉన్న ఒకే మంచి అదనపు టైరు తమరు; మెకానిక్ షెడ్డు అటక మీద క్షేమంగా ఉన్నారని తలుస్తాం. మళ్ళీ ఒక బండికి పాసింగ్, అంటే ఫిట్‌నెస్ పరీక్ష, దగ్గరపడింది. అందుకే గుర్తొచ్చారు.

ఫిట్‌నెస్ కాగితం లేని ట్యాక్సీకి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే అంటుంది 1988 మోటారు వాహనాల చట్టం, 56వ సెక్షన్‌లో. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటేటా పరీక్ష. మా బండ్లన్నీ ఎనిమిదేళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి తమరికి గిరాకీ తగ్గదు.

మామూలు రోజుల్లో మా వెనక డోరుకు వేలాడేది వేరే టైరు. దాన్ని టైరు అనడం మర్యాదకే, గోరు పెట్టి వెతికినా గాడి దొరకదు. పైన తొడిగిన రెగ్జిన్ కవరు మీద కాళేశ్వర ముక్తీశ్వర స్వామి బొమ్మ ఉంటుంది. భారం దేవుడి మీద వేశామంటే ఉత్తిమాట కాదు మరి. పాసింగ్ ముందు రోజు అది దిగుతుంది, తమరు ఎక్కుతారు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని రూలు. తమరికి అంతకు ఎన్నో రెట్లుంది. ఉండదా, రోడ్డు మీద దొర్లితే కదా అరగడానికి!

మిగతా సింగారమూ ఆ ఒక్క రోజుకే. అదనంగా బిగించిన అడ్డ సీటు విప్పి వరండాలో పడేస్తాం. అమ్మమ్మ దాని మీద కూర్చుని చిక్కుళ్లు వలుచుకుంటుంది. ముందరి ఇనుప గార్డు ఊడుతుంది. పాటల హారన్ పోయి పీప్‌మనేది వస్తుంది. ఇంజన్ కింద కారిన ఆయిల్‌ను డీజిల్ గుడ్డతో తుడిచి, మళ్ళీ కారేలోపు వరసలో నిలబడగలమా అని టెన్షన్.

బండి చట్రం మీద చెక్కిన చాసిస్ నంబరుకు అచ్చు తీసే సంగతి చెప్పక్కర్లేదు. తుప్పును గరుకు కాగితంతో రుద్ది, పెన్సిల్ ముక్కును అడ్డంగా పెట్టి గీకి, సెల్లో టేపు అంటించి లాగుతాం. అంకెలన్నీ చక్కగా దిగుతాయి, ఒక్క 8 మాత్రం 3 అయి కూర్చుంటుంది. మళ్ళీ గీకుడు.

ఇంతా చేసి పాసింగ్ జరిగే గడ్చిరోలికి బయల్దేరితే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆలాపల్లి దాకా 353సి జాతీయ రహదారి గుంతల్లోనే అసలు పరీక్ష అయిపోతుంది. సరిచేయించిన హెడ్‌లైటు చామోర్షి చేరేసరికి చెట్ల కొమ్మలకు వెలుగిస్తుంటుంది. దారిలో ఊడిన నట్లు ఏరుకుని వెళ్ళి, బండి ఫిట్‌గా ఉందని కాగితం తెచ్చుకుని, అదే దారిన ఆ కాగితం జేబులో పెట్టుకుని ఎగిరెగిరి పడుతూ వస్తాం.

ఒకసారి అలా వస్తుంటే జిమ్మల్‌గట్ట దగ్గర పంక్చరు. చుట్టూ అడవి, పొద్దు గుంకుతోంది. వెనక డోరుకు తమరు నిగనిగలాడుతూ వేలాడుతున్నారు. దించుదామని ఒకరు చెయ్యి వేస్తే, మిగతా అందరూ ఒక్కసారే అరిచారు: "ఆగన్నా! ఎల్లుండి మా బండికి పాసింగ్ ఉంది, దీనికి మట్టి అంటితే ఎట్లా?" చివరికి దారిన పోయే లారీ ఆపి, బతిమాలి, దాని డ్రైవరు దగ్గరున్న సామానుతో ప్యాచ్ వేయించుకుని కదిలాం. ఆ పని జరుగుతున్నంతసేపూ తమరి మీద టార్చి కూడా వేయలేదు. అరువు సొమ్ములు బరువు చేటు అని ఊరికే అన్నారా!

ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు కిట్టు, గాలి తగ్గితే చెప్పే పరికరం ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం సడలించింది. మా బొలెరోలకు ఆ పరికరం లేదు గనక తమరి ఉద్యోగానికి ఢోకా లేదు.

కానీ ఈ మధ్య దుమ్ము తుడుస్తుంటే తమరి పక్కన 2313 అని కనిపించింది. అంటే 2013లో 23వ వారంలో పుట్టారు. ఒక్క కిలోమీటరు దొర్లకపోయినా రబ్బరు ముసలిదవుతుందట. పక్కలంతా సన్నగా బీటలు. నల్ల పాలిష్ పట్టిస్తే కనపడవు గానీ, ఎన్నాళ్లని?

తమరికి వారసుణ్ణి కొందామని చందా అడిగాం. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు, ముందు ఎవరి పాసింగ్ వాళ్ళకు అయిపోయాక ఇస్తామన్నారు.

ఇట్లు,
తమరి బొలెరోలవాళ్ళు