మర్యాదస్తులైన హెడ్‌ఫోన్ గారికి

మహారాజశ్రీ హెడ్‌ఫోన్ గారి దివ్య సముఖమునకు,

అంబాజీపేటకి కూతవేటు దూరంలో, పగలు పాటలు కట్టుకుంటూ, రాత్రిళ్లు తీర్థాల్లోనూ పెళ్లిళ్లలోనూ డీజే వాయించుకుంటూ బతుకుతున్నవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నా ఎడమ చెవి క్షేమం. కుడి చెవి సంగతి కింద విన్నవించుకుంటాను.

మా గోదారోళ్ల మర్యాద తమరికి తెలియంది కాదు. చుట్టాలింట్లో పులుసు ఉప్పుకషాయమైనా "ఆయ్, అమృతమండీ" అంటాం, ఇంకో గరిటె వేయించుకుంటాం, పెరట్లోకెళ్లి చెంబెడు నీళ్లు తాగుతాం. ఉన్నమాట మొహమ్మీద అనడం మా ఇంటావంటా లేదు. అయితే ఆ విద్యలో తమరు మమ్మల్ని మించిపోయారని తెలియడానికి నాకు పదిహేను వందల రూపాయలు, ఒక కనుమ పండగ ఖర్చయ్యాయి.

ఆ మొదటి జత భీమవరంలో కొన్నాను. కొట్టు కుర్రాడు సీలు తియ్యనివ్వలేదు. "తీస్తే కొన్నట్టేనండి" అన్నాడు. చెవిన పెట్టకుండా హెడ్‌ఫోన్ ఎంచుకోవడమంటే పిల్లని చూడకుండా ముహూర్తం పెట్టేసుకోవడమే. "బేస్ ఎలా ఉంటుంది బాబూ?" అంటే "గుండెలదిరిపోతాయండి" అన్నాడు. పెట్టె మీద 10 నుంచి 40,000 హెర్ట్జ్ అని బంగారు రంగు అక్షరాలు. మనిషి చెవికి ఆనేది 20 నుంచి 20,000 దాకా, అదీ కుర్రతనంలో. ఆ పైనున్న ఇరవై వేలూ మా వీధి కుక్క కోసం కొన్నట్టయింది. అదైతే ఇంతవరకూ ఏ వంకా పెట్టలేదు.

ఆ జతతోనే సంక్రాంతికి ఒక పాట కట్టాను. డప్పు, సన్నాయి, కింద లావుపాటి కిక్కు, అదే పెద్ద డ్రమ్ము దెబ్బ. నెల రోజులు నిద్ర లేదు. తమరి చెవి గిన్నెల్లో ఆ కిక్కు పడుతుంటే ధవళేశ్వరంలో గేట్లెత్తినట్టుండేది. ఎక్కువైందేమోనని బేస్ కాస్త తగ్గించాను. అయినా ఎక్కువే. ఇంకాస్త తగ్గించాను. నేను తీసేకొద్దీ తమరు సొంత జేబులోంచి తీసి కలుపుతున్నారని నాకేం తెలుసు? పాటలో ఉన్న బేస్ వేరు, తమరు పెట్టుపోతల కింద చదివించిన బేస్ వేరు.

కనుమ వచ్చింది. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసొచ్చిన జనం మా ఊరి సెంటర్లోంచి ఇంకా ఇళ్లకి మళ్లలేదు. ట్రాక్టరు తొట్టి మీద ఆరు బాక్సులు, వెనకాల జనరేటరు. పాట ఎత్తాను. "ధబ్" అనాల్సిన చోట "టిక్" అంది. కొబ్బరికాయ కొట్టబోతే చింతగింజ చిట్లినట్టు. సన్నాయైతే అసలు లేనే లేదు. బాక్సుల వెనక్కి వెళ్లి మరీ వెతుక్కున్నాను. (దాని గుట్టు తర్వాత తెలిసింది. తీర్థం బాక్సులకి ఎడమా కుడీ ఉండదు, అంతా ఒకటే ధార. తమరి చెవుల్లో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పరుచుకోవాలని నేను సన్నాయిని ఒక వైపు తిన్నగా, రెండో వైపు దాని అలని తలకిందులుగా తిరగేసి పెట్టాను. రెండూ ఒకే ధారలో కలిసేసరికి ఒకదాన్నొకటి మింగేసి సున్నా మిగిల్చాయి.)

మా పెదమావయ్య కండువా సర్దుకుంటూ వచ్చి, "ఆయ్, చాలా బాగుందిరా అల్లుడూ... బేసుని గాని వచ్చేదార్లో కాలవలో జారవిడిచారేటి?" అన్నారు. అంతటి మర్యాదస్తుడి నోటే ఆ మాట వచ్చిందంటే ఆ పాటెలా ఉందో తమరే ఊహించుకోండి.

అప్పట్నుంచి తమరి వంశవృక్షం తిరగేయడం మొదలెట్టాను. 1910 ప్రాంతంలో అమెరికాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తమ పూర్వీకుల్ని తన వంటింట్లో కూర్చుని చేసి, అక్కడి నౌకాదళానికి అమ్మారట. వంటింట్లో పుట్టారు కాబట్టే మసాలా దట్టించే గుణం అబ్బి ఉంటుంది. స్టీరియో భాగ్యం 1958లో జాన్ కాస్ చేతిమీదుగా కలిగింది. మిక్సరుకి గుచ్చే లావు పిన్నుందే, 6.35 మిల్లీమీటర్లది, అది ఇంకా పాతకాపు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వైర్లు పీకి గుచ్చి మాటలు కలిపిన కాలం నాటిది. ఇంత గొప్ప వంశమై ఉండీ పదిహేను వందలకి అబద్ధమాడతారా అని బాధ.

పాటలు కలుపుకునేవాళ్లకి ఓపెన్ బ్యాక్ శాఖ మేలని పెద్దలు చెప్పారు. గిన్నెల వెనక జల్లెడ ఉంటుంది, చెవికి గాలాడుతుంది, పాట తల చుట్టూ విశాలంగా పరుచుకుంటుంది. నిజమే, కాదనను. కానీ మా గదికి ఒక పక్క రొయ్యల చెరువు. ఏరేటర్లు తెల్లవార్లూ నీళ్లు చిలుకుతూనే ఉంటాయి. రెండో పక్క వరిచేను. తొలకరి పడ్డాక ఒక రాత్రి నా పాటకి రెవర్బు, అంటే గదిలో మోగే ప్రతిధ్వని, అద్భుతంగా కుదిరిందని మురిసిపోయి సేవ్ చేసి పడుకున్నాను. పొద్దున వింటే ఆ రెవర్బు లేదు. కప్పలు పడుకున్నాయి.

పైగా ఆ శాఖలో 300 ఓముల (కరెంటుకి అడ్డం పడే కొలత అది) వారొకరు అరువుకి మా ఇంటికొచ్చారు. ఫోనుకి తగిలిస్తే గొంతు పెగల్లేదు. విడిగా ఆంప్లిఫయర్ పెట్టాలట, అప్పుడు గాని నోరు విప్పరట. అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడే నయం, అతగాడు అలిగినా అరిసెలు మాత్రం తింటాడు. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గాని, పుస్తెలమ్మి ఆంప్లిఫయర్ కొనమని మా పెద్దలెవరూ అనలేదు. గిన్నెల వెనక మూసి ఉండే శాఖలో బేయర్‌డైనమిక్ వారి డీటీ 770 ప్రో కాస్త లోకజ్ఞానం ఉన్న కుటుంబం. 32, 80, 250 ఓములని మన తాహతును బట్టి దిగొస్తారు. 32 వారు ఫోనుతోనే సర్దుకుంటారు.

డీజే దగ్గర లెక్క మారిపోతుంది. అక్కడ విశాలం ఎవడిక్కావాలి? ఒక చెవిలో రాబోయే పాట, రెండో చెవిలో బాక్సుల మోత. రెంటి నడకా కలవాలి. గిన్నె వెనక మూసి ఉండాలి, ఒకటి వెనక్కి తిరగాలి, వైరు జడలా చుట్టలు తిరిగి ఉండాలి, లేకపోతే తొట్టిలో ఎవడో ఒకడు తొక్కుతాడు. సెన్‌హైజర్ హెచ్‌డీ 25 వారు 1988 నుంచి ఇదే పని మీద ఉన్నారు. తలపట్టీ రెండు పాయలుగా విడుతుంది, ఒక గిన్నె తిరుగుతుంది. వారి ధర చూసి దణ్ణం పెట్టి, వారిలా కనిపించే వేరొకరిని తెచ్చుకున్నాను. మే నెల ముహూర్తాల ఉక్కకి మూడు పెళ్లిళ్లు దాటేసరికి చెవి దిండ్ల పైతోలు ఊడడం మొదలెట్టింది. చెంపల మీదా మెడ మీదా నల్లటి పొలుసులు. పెళ్లికూతురి తమ్ముడొకడు, "అన్నయ్యా, తమరు చేపాండీ?" అని అడిగాడు. అండీ మాత్రం మానలేదు వెధవ.

వైర్లెస్ వారి సంగతీ చెప్పేస్తాను. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యమవుతుంది. కాలవకి అవతల 70 మీటర్ల దూరాన చాకిరేవులో బండ మీద గుడ్డ పడటం ముందు కనిపించి, చప్పుడు తర్వాత వినిపిస్తుంది చూశారా, అంత ఎడం. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేదే 500 మిల్లీసెకన్లు. దరిదాపు సగం దెబ్బ దాకా మింగేసి, "నడక ఎందుకు కలవలేదు?" అని నన్నడిగితే నేనేం చెప్పను! నా చెవికీ నా వేలికీ మధ్య పంటకాలవ తవ్వేశారు తమరు.

ఇక కుడి చెవి. బాక్సుల పక్కన నిలబడి, వాటి మోతని మించి వినిపించాలని తమ గొంతు పెంచుతూ పోయాను. 85 డెసిబెల్స్ అయితే రోజుకి ఎనిమిది గంటలు పర్వాలేదట. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ వ్యవధి సగానికి పడిపోతుంది. 100 దగ్గరికొచ్చేసరికి పావుగంటే గతి. మా ఊళ్లో ఊరేగింపు రామాలయం నుంచి చెరువుగట్టు దాకా నాలుగ్గంటలు నడుస్తుంది. ఫలితంగా ప్రస్తుతం నా కుడి చెవిలో ఒక కీచురాయి కాపురముంటోంది. అద్దె ఇవ్వదు, ఖాళీ చెయ్యదు. డాక్టరు గారు మోత తగ్గించే నురగ బిళ్లలు చెవుల్లో పెట్టుకోమన్నారు. పెట్టుకుంటున్నాను, కాస్త ఆలస్యంగా.

చివరికి సెకండ్ హ్యాండులో సోనీ ఎమ్‌డీఆర్ 7506 ఒకటి దొరికింది. 1991లో వచ్చిన మోడలు, 63 ఓములు, జడ వైరు. పెట్టుకుని నా కనుమ పాట విన్నాను. మా మేనత్త గుర్తొచ్చింది. పెళ్లిపందిట్లో విస్తరి ముందు కూర్చుని, అందరూ "ఆయ్" అంటుంటే, "పప్పులో చింతపండెక్కువైంది, వంటవాడెవడు?" అనే మనిషి. ఈ సోనీ కూడా అంతే. కిక్కు లేదని చెప్పింది. గొంతులో సకారాలు కత్తుల్లా కోస్తున్నాయని చెప్పింది. నా ఊపిరి చప్పుడు, వెనకాల మా అమ్మ రుబ్బురోలు, అన్నీ చెప్పింది. మూడు రోజులు దాని జోలికి వెళ్లలేదు. నాలుగో రోజు కూర్చుని పాటంతా విప్పి మళ్లీ కట్టాను, మధ్యమధ్యలో రెండు వైపులూ ఒకటే ధార చేసి వింటూ.

మొన్న కనుమకి అదే ట్రాక్టరు, అవే బాక్సులు. సన్నాయి ఉన్న చోటే ఉంది. పాట అయ్యాక పెదమావయ్య దగ్గరికెళ్లి, "ఎలా ఉందండీ?" అన్నాను. "ఆయ్, చాలా బాగుందిరా" అన్నారు. "నిజంగానా మావయ్యా?" అన్నాను. "ఆయ్" అన్నారు. మనిషి మొహం చూసి ఏం కనిపెట్టగలం? రెండో పాటకి కిక్కు పడగానే ట్రాక్టరు తొట్టి వెనక గొళ్లెం గిలగిలా కొట్టుకుని ఊడి, మావయ్య కాలి పక్కన పడింది.

ఇట్లు,
తమ ఎడమ చెవి విధేయుడు.