జ్యోతి ప్రజ్వలనకూ నంది ఇవ్వాలి

నాటకరంగం చచ్చిపోతోందని గగ్గోలు పెట్టేవాళ్ళు మా అనంతపురం వచ్చి ఒక్క సాయంత్రం కూర్చుంటే నోరు మూసుకుంటారు. నాటకం ఇక్కడ దివ్యంగా ఉంది. కాకపోతే తెర లేవకముందే అయిపోతుంది. తెర లేచాక జరిగేదే నాటకమని పొరబడిన పాతకాలం మనుషులు కొందరున్నారు, ఈ ఏడుపంతా వాళ్ళదే.

ఆహ్వానపత్రిక తీసి చూడండి. సాయంత్రం 6 గంటలకు అని ఉంటుంది. 6 గంటలకు ఏం మొదలవుతుందో మాత్రం ఉండదు. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి వరసగా గుండ్రటి ఫోటోల్లోంచి నవ్వుతుంటారు. వాళ్ళందరూ సర్దుకున్నాక చోటు మిగిలితే అడుగున, ప్రింటింగ్ ప్రెస్ పేరుకు కాస్త పైన, నాటకం పేరు కనిపిస్తుంది. రాసినవాడి పేరు కూడా వేశారంటే ఆ ఏడాది అతిథులు తక్కువ పడ్డారని అర్థం.

సభ అనే ఈ ప్రదర్శనలో కథానాయకుడి ప్రవేశం గొప్పగా ఉంటుంది. ఆయన చాలాసేపు ప్రవేశించడు. 'దారిలో ఉన్నారు' అని మైకులో చెబుతారు. సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా కాలినడకన పోయినా పట్టేది కాసేపే. ముఖ్య అతిథి కారులో బయల్దేరాడు కాబట్టి గంటన్నర. అంతసేపూ వ్యాఖ్యాత 'మరికొద్ది క్షణాల్లో' అన్న ఒక్క మాటను పట్టుకొని నవరసాలూ పలికిస్తాడు. మొదట వీరం, తర్వాత కరుణ, 8 దాటాక భయానకం. ఇంత నటన ఆ రాత్రి మళ్ళీ ఎవరూ చేయరు.

ఆయన వచ్చేశాక జ్యోతి ప్రజ్వలన. కుందిలో ఐదు వత్తులుంటే కొవ్వొత్తి కోసం పదకొండు చేతులు లేస్తాయి. పైన ఫ్యాను. వెలిగించినది వెలిగించినట్టే ఆరిపోతుంది. 'ఆ ఫ్యాన్ ఆపండప్పా' అని ఎవరో అరుస్తారు. ఎవరో పోయి స్విచ్చి వేస్తే ఫ్యానుకు బదులు స్టేజీ లైట్లు ఆరతాయి. చివరికి ఎట్లో జ్యోతి నిలబడుతుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. అప్పుడు ఫోటోగ్రాఫర్ 'సార్, ఇంకొక్కసారి' అంటాడు. వెలిగిన దీపాన్ని ఆర్పి మళ్ళీ వెలిగిస్తారు. పద్యనాటకాల రోజుల్లో నటుడు గొంతు చించుకొని పాడితే గానీ దక్కని వన్స్ మోర్, ఇప్పుడు అగ్గిపుల్లకు దక్కుతోంది. కళ ముందుకు పోలేదని ఎట్లా అంటారు?

ఉపన్యాసాల్లో ప్రతి వక్తా చిన్నప్పుడు నాటకాలు వేసినవాడే. ప్రతి ఒక్కరూ మహానటుడు బళ్ళారి రాఘవ పుట్టిన గడ్డ మీద నిలబడినందుకు పులకిస్తారు. పులకించాల్సిందే. రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టాడు. అప్పటికి తాడిపత్రి బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లాను విడదీసింది 1882లో. అంటే ఆయన పుట్టేనాటికి మన జిల్లాయే పుట్టలేదు. తర్వాత 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిపోయింది. పంపకాల్లో పేరు వాళ్ళకు పోయింది, పురుడు మనకు మిగిలింది. రాఘవ మేనమామ, నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టుకున్నదీ బళ్ళారిలోనే. ఆ సభలో నాటకాలు వేసేవాళ్ళట! పేరులో సభ అని పెట్టుకొని నాటకాలు వేశారంటే ఆ తరానికి ఎంత అవగాహనా లోపమో చూడండి.

రాఘవ కన్నుమూసింది 1946 ఏప్రిల్ 16న. కందుకూరి వీరేశలింగం పుట్టింది 1848 ఏప్రిల్ 16న. ఆ రోజే తెలుగు నాటకరంగ దినోత్సవం. జయంతి, వర్ధంతి, దినోత్సవం మూడూ ఒక్క రోజున పడటం నిర్వాహకుల అదృష్టం. ఒకే హాలు అద్దె, ఒకే మైకు సెట్టు, రెండు ఫోటోలు, దండల ఖర్చు ఒక్కటే అదనం. పద్యానికి సాగదీసిన రాగం కంటే మాటా భావమూ ముఖ్యమని నమ్మినవాడు రాఘవ. ఆయన ఫోటో కింద నిలబడి మా వక్త ఒక్క వాక్యాన్ని పావుగంట ఆలపిస్తాడు. 'కళలను బతికించుకోవాల్సిన బాధ్యత మనందరిపైనా ఉంది' అని ముగించి, మరో అత్యవసర కార్యక్రమం ఉందని దిగిపోతాడు. ఆయన వెనక అనుచరులు, వాళ్ళ వెనక కెమెరాలు, ఆ వెనక శాలువా అందుకున్నవాళ్ళు, శాలువా అందనందుకు అలిగినవాళ్ళు. ఇంతమందిని ఏకకాలంలో కదిలించిన ముగింపు ఏ నాటకానికుంది చెప్పండి.

ఈలోగా తెర వెనక మరో మనిషి ఉంటాడు, శ్రీకృష్ణుడు. మధ్యాహ్నం 4 గంటలకే ముఖానికి నీలం పూశారు. ప్లాస్టిక్ కుర్చీలో కిరీటం ఒళ్ళో పెట్టుకొని, పేపర్ ప్లేటులో ఉగ్గాణి తింటుంటాడు. పెదాలకు వేసిన రంగు చెదరకుండా నోరు వెడల్పుగా తెరిచి, స్పూనుతో లోపలికి జారవిడుస్తుంటాడు. బజ్జీ వంక చూస్తాడు గానీ ముట్టడు, నూనె తగిలితే రంగు ఊడుతుంది. పక్కన హార్మోనియం ఆయన పెట్టె మీద తలవాల్చి ఓ కునుకు తీసి లేచి 'ఇంకా ఎంతమంది ఉన్నారప్పా?' అని అడుగుతాడు. 'ఇద్దరు. అయినాంక వందన సమర్పణ.' కృష్ణుడు నిట్టూరుస్తాడు. 10 గంటలకు నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చి, హాలు 11కి ఖాళీ చేయాలి కాబట్టి రాయబారం సీను సగానికి తగ్గించుకోమంటాడు. అర్జున దుర్యోధనులు సాయం అడగవచ్చే పడకసీను నుంచి పద్యం పద్యం కంఠతా పట్టిన మనిషి, ఏ పద్యాలు మింగాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాడు. యుద్ధం ఆపడానికి కృష్ణుడు చేసిన ప్రయత్నం విఫలం కావడానికి మహాభారతం చెప్పని కారణం ఇది: టైం లేదు.

పల్లెల్లో ఇంకా ఈ నాగరికత పూర్తిగా చేరలేదు. జాతరకో తిరునాళ్ళకో కురుక్షేత్రం వేస్తే తెల్లవారేదాకా వేస్తారు. నెలల తరబడి రాత్రుళ్ళు గుడి ముందర కూర్చొని, వేరుశనగ పనులు ముగించుకొచ్చినవాళ్ళకు హార్మోనియం మాస్టరు పద్యాలు నూరిపోస్తాడు. అచ్చులూ హల్లులూ కూడా సరిగా పట్టుబడనివాడు శార్దూల పద్యాన్ని ఎక్కడా తడబడకుండా అందుకుంటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. (ఇది వ్యంగ్యం కాదు, ఎవరూ అపార్థం చేసుకోవద్దు.) కృష్ణుడి వేషానికి గిరాకీ ఎక్కువ కాబట్టి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని పంచుకుంటారు. పడకసీనులో సన్నగా ఉన్న దేవుడు రాయబారానికి లావై, యుద్ధానికి మీసం ఆనవాళ్ళతో దిగుతాడు. అవతారాలు మార్చడం ఆయనకు కొత్తా?

అయితే అక్కడా ఆశాకిరణాలున్నాయి. దుర్యోధనుడు గద ఎత్తి భీముడి మీదికి దూకబోతుండగా మైకు అందుకుంటుంది: 'ఫలానా వీధి ఫలానా వారు దుర్యోధన పాత్రధారికి నూటపదహార్లు చదివిస్తున్నారు.' గద దించి రారాజు నమస్కారం పెడతాడు. భీముడు ఓపిగ్గా నిలబడతాడు, తనకూ బావమరుదులున్నారు. చదివింపులు అయిపోయాక ఇద్దరూ ఎక్కడ ఆగారో అక్కడ్నుంచే మళ్ళీ పళ్ళు కొరుకుతారు. కోపాన్ని ఇంత క్రమశిక్షణగా దాచుకోగలిగిన వీరులు వ్యాసుడికి కూడా దొరకలేదు. నాటకం మధ్యలో సభ జొరబడిందంటే సభ మధ్యలో నాటకం మాయం కావడానికి ఎంతో కాలం పట్టదు.

నాటక పరిషత్తుల పోటీ నాటికల గురించి ఎక్కువ చెప్పను. సోఫా, టీపాయి, దండ వేసిన ఫోటో, రిటైరైన తండ్రి, అమెరికా కొడుకులు. ఆఖరి ఐదు నిమిషాల్లో తండ్రి కొడుకుల్ని వదిలేసి, వేలాడే మైకు కిందికి నడిచొచ్చి, కన్నవాళ్ళను వృద్ధాశ్రమంలో వదిలేయొద్దని మనల్ని వేడుకుంటాడు. హాల్లో ఉన్నదంతా రిటైరైన తండ్రులే. వినాల్సిన కొడుకులు నిజంగానే అమెరికాలో ఉన్నారు. ముందు వరసలో న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తుంటారు, వెనక వరసల్లో తర్వాతి నాటిక సమాజం సోఫా ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తుంటుంది.

2022 జనవరిలో ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఒక వర్గం అభ్యంతరం చెప్పింది. నా అభ్యంతరం వేరే. ఉత్తర్వులూ కోర్టులూ ఎందుకింత శ్రమ? ముందు ఒక సన్మాన సభ పెట్టి ఉంటే చాలదా? సుబ్బిశెట్టి వంతు వచ్చేసరికి హాలు అద్దె గడువు ముగిసేది, ఎవరి మనోభావాలూ దెబ్బతినేవి కావు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం. నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికీ సాంఘిక నాటకానికీ నాటికలకూ బహుమతులున్నాయి. సభకు లేవు. ఉత్తమ ఆలస్య ప్రవేశం, ఉత్తమ జ్యోతి ప్రజ్వలన, శాలువా కప్పడంలో ఉత్తమ కెమెరా దృష్టి, ఉత్తమ నిష్క్రమణ అని విభాగాలు పెట్టాలి. నాటకాన్ని మాత్రం, తీరిక ఉంటే వేయదగిన ఐచ్ఛికాంశంగా ఉంచవచ్చు.

రెండోది డబ్బు సంగతి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడినప్పట్నుంచీ సురభివాళ్ళు ఇంటిల్లిపాదీ వేషాలు కట్టి, టికెట్లు అమ్ముకొని బతికారు. పుట్టిల్లు కడప, కాపురం హైదరాబాదు లింగంపల్లి. టికెట్ కొన్నవాడు పెట్టిన డబ్బు మీద మమకారంతో చివరిదాకా కూర్చుంటాడు, అది వాళ్ళ ధీమా. మనం ప్రవేశం ఉచితం చేసేశాం. బెనిఫిట్ షో సినిమాకు వందలు పోసే జనం నాటకానికి ఇరవై రూపాయలు కూడా ఇవ్వరని వాదించేవాళ్ళతో నేను గొడవ పడను. ప్రవేశం ఉచితంగానే ఉండనివ్వండి. నిష్క్రమణకు టికెట్ పెట్టండి. సభ అవగానే లేచేవాడికి 500, మొదటి రంగంలో లేచేవాడికి 200, కృష్ణుడు నోరు తెరిచాక పోయేవాడికి 100. చివరిదాకా కూర్చుంటే ఏమీ అక్కర్లేదు. ముఖ్య అతిథికి మాఫీ వద్దు, ఆయన పోతే వెంట వరసలకు వరసలు కదులుతాయి కాబట్టి ఆయనకు గ్రూపు టికెట్.

ఈ వసూళ్ళ బాధ్యత హాలు వాచ్‌మన్‌కు అప్పగించాలి. ఏ నాటకమైనా ఆఖరి రంగం దాకా ఉండేది ఆయనొక్కడే. తాళం వేయాలి కదా.