మీరు డాక్టర్ పరిధిలో లేరు

మందుల కంపెనీలు, డాక్టర్లను కలిసి తమ మందుల గురించి చెప్పే మెడికల్ రెప్‌ల చేతిలో పైసా అడక్కుండా ట్యాబ్‌లు పెడుతున్నాయి. అయినా కొందరికి అనుమానమే. ఇచ్చిన వస్తువు ఎక్కడుందో ఇచ్చినవాడు చూసుకోకూడదా? వస్తువున్న చోటే మనిషి కూడా ఉంటున్నాడంటే అందులో కంపెనీ తప్పేముంది? ఇంత చిన్న విషయం అర్థంకాక రెప్‌ల సమాఖ్య 2023 డిసెంబరు 20న దేశమంతటా ఒకరోజు సమ్మె చేసింది. ఎలక్ట్రానిక్ పరికరాలతో మా మీద నిఘా ఆపండన్నది డిమాండ్లలో ఒకటి. ఆ రోజు ఎవరెవరు ఎక్కడ జెండా పట్టుకున్నారో ట్యాబ్‌లే కంపెనీకి విన్నవించుకుని ఉంటాయి.

ఈ నిఘా రాకముందు ఏం జరిగేదో కూడా చెప్పుకోవాలి. ఏ రోజు ఏ డాక్టర్‌ను కలిశారో చెప్పే రిపోర్టును ఈ వృత్తిలో డీసీఆర్ అంటారు. రెప్ రాత్రిపూట లాడ్జి గదిలో మంచం మీద బోర్లా పడుకుని దాన్ని రాసేవాడు. గుర్తున్నంతవరకూ నిజం, అక్కడినుంచి కల్పన. వాన కురిసి బస్సులు నిలిచిపోయిన రోజు కూడా కాల్స్, అంటే డాక్టర్లను కలిసిన లెక్క, తగ్గేది కాదు. ఏరియా మేనేజర్ కూడా ఒకప్పుడు రెప్పే కాబట్టి, ఆ చాతుర్యాన్ని చదివి లోలోపల మెచ్చుకుని కింద సంతకం గిలికేవాడు.

ఇప్పుడా సాహిత్యం అంతరించింది. డాక్టర్ క్లినిక్ చుట్టూ మ్యాప్ మీద గుండ్రంగా కంచె గీస్తున్నారు. దాన్ని జియోఫెన్స్ అంటారు. కంచెలో నిలబడి బటన్ నొక్కితే కాల్ పడుతుంది. బయటినుంచి నొక్కితే ‘మీరు డాక్టర్ పరిధిలో లేరు’ అని ఎర్రక్షరాలు వస్తాయి. అబద్ధానికి ఇక తావే లేదు.

మరి కంచెకు నడిమధ్యన గుంజ పాతింది ఎవరు? డాక్టర్లు కాదు, వాళ్లకంత తీరికెక్కడిది? యాప్ వచ్చిన కొత్తలో ‘మీ లిస్టులో ఉన్న డాక్టర్లందరినీ వారంలోగా ట్యాగ్ చేయండి’ అని, అంటే ఒక్కో క్లినిక్ దగ్గర నిలబడి ఆ చోటును యాప్‌లో గుర్తు పెట్టమని, హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. రెప్ క్లినిక్‌కి వెళ్తే లోపల కాలు పెట్టే చోటు లేదు. కాంపౌండర్ “సార్ ఓపీలో ఉన్నారు, రెండింటికి రండి” అన్నాడు. రెండింటిదాకా రెప్ ఎక్కడుంటాడు? ఎదురుగా టీకొట్టు దగ్గర. ఖాళీగా ఉన్నాడు, సిగ్నల్ బాగుంది, ట్యాగ్ చేసేశాడు. అలా గుండె డాక్టర్ టీకొట్టులోనూ, పిల్లల డాక్టర్ జిరాక్స్ షాపులోనూ, చర్మం డాక్టర్ బైకుల స్టాండులోనూ శాశ్వతంగా స్థిరపడ్డారు.

మొదట్లో దీనివల్ల ఎవరికీ నష్టం రాలేదు. కంచె వ్యాసార్థం కనీసం 100 నుంచి 150 మీటర్లు ఉంటే మంచిదని గూగులే యాప్‌లు రాసేవాళ్లకు చెబుతుంది. విజయవాడ సూర్యారావుపేటలో 150 మీటర్ల గుండ్రం గీస్తే అందులో ఎన్ని ఆస్పత్రులు పడతాయో ఆ వీధుల్లో తిరిగినవాళ్లకు తెలుసు. ఒక్క బెంచీ మీద కూర్చుని ఎముకలు, కిడ్నీలు, చెవి ముక్కు గొంతు అన్నీ దర్శించుకోవచ్చు. ఏ మ్యాప్‌లోనో ఇది కంటపడి హెడ్డాఫీసు కంచెను 20 మీటర్లకు బిగించింది. అసలు కథ అప్పుడు మొదలైంది.

పాత రెప్ మానేసి వెళ్లిపోయాడు. కొత్త కుర్రాడు డాక్టర్ ఎదురుగా కూర్చుని, ఆయన బల్ల మీదే ట్యాబ్ పెట్టి బటన్ నొక్కాడు. పరిధిలో లేరంది. “ఒక్క నిమిషం సార్” అని బయటికి పరిగెత్తాడు.

“బాబాయ్, గుండె డాక్టర్ ఎక్కడ?”

టీకొట్టాయన పాలు తిరగబోస్తూ తలెత్తలేదు. “కొత్తగా జాయినయ్యావా అబ్బాయ్? గుండె డాక్టరైతే ఆ బెంచీ చివర నిలబడు. కిడ్నీ డాక్టరైతే ఇటు పొయ్యి దగ్గరికి రావాలి. పొద్దున మీవాళ్లు నలుగురొచ్చి నొక్కి వెళ్లారు.”

రెప్‌లు టీకొట్ల దగ్గర కాలక్షేపం చేస్తున్నారన్నదే కదా కంపెనీ టెన్షన్. ఇప్పుడు టీకొట్టుకు వెళ్లనివాడికి జీతం లేదు. డాక్టర్‌ను నిజంగా కలిసినవాడికి మెమో.

ఉపగ్రహాలను తప్పుపట్టి లాభం లేదు. 20 వేల కిలోమీటర్ల పైనుంచి కనీసం నాలుగు కనబడితేగానీ ట్యాబ్‌కు తానెక్కడుందో తెలీదు. ఆరుబయటైతే ఐదు మీటర్ల అటూఇటూగా చెప్పేస్తుంది. సెల్లార్‌లో ల్యాబ్ పక్కనున్న గదిలోనో, రెండు పెద్ద బిల్డింగుల మధ్య సందులోనో సిగ్నల్ గోడలకు కొట్టుకుని వంకరగా వస్తుంది. మనిషి ఇక్కడుంటాడు, మ్యాప్ మీద అతని చుక్క పక్కవీధిలో తేలుతుంది. చుక్కకూ మనిషికీ తగాదా వస్తే చుక్కనే నమ్మాలన్నది పాలసీ. చుక్క ఏనాడూ సెలవడగలేదు కదా.

ఈ విషయంలో యాపిల్‌వాళ్లకు బొత్తిగా పద్ధతి తెలీదు. కంపెనీ అదుపులో ఉండే ఐఫోన్ ఎక్కడుందో కంపెనీ అడ్మిన్ నేరుగా కనుక్కోవాలంటే ముందు దాన్ని పోయిన ఫోన్‌గా ప్రకటించాలి. ఫోన్ లాకైపోతుంది. లాక్ తీశాక, నీ లొకేషన్ చూశారని ఉద్యోగి చెవిలో ఊదుతుంది కూడా. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం! కంపెనీకి పూర్తిగా అప్పగించిన ఆండ్రాయిడ్‌లో ఈ బాధల్లేవు. లొకేషన్ బటన్ ఆపడానికి వీల్లేకుండా అడ్మిన్ బిగించేయవచ్చు.

చట్టం కూడా అర్థం చేసుకుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తేల్చారు. వాళ్లలో ఎవరికీ నెలాఖరు టార్గెట్ లేదన్నది గమనించాలి. 2023లో వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం కాస్త లోకజ్ఞానంతో రాశారు. ఉద్యోగ అవసరాలకూ, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడానికీ అయితే సమ్మతి అడగక్కర్లేదని ఏడో సెక్షన్ వెసులుబాటు ఇచ్చింది. టీ అలవాటు ఎంత నష్టమో ఫైనాన్స్‌వాళ్లు లెక్క కట్టగలరు.

నిజానికి రెప్‌లు అదృష్టవంతులు. ట్యాబ్‌ను బ్యాగులో పెట్టి మిత్రుడికి ఇవ్వొచ్చు. ఒకే బండి మీద మూడు కంపెనీల ట్యాబ్‌లు కలిసిమెలిసి ఊరంతా తిరిగొస్తున్నాయని వదంతి. చండీగఢ్, నాగపూర్‌లలో మున్సిపాలిటీవాళ్లు పారిశుధ్య కార్మికుల చేతికి జీపీఎస్ వాచీలే కట్టారు. చేతికి వాచీతో బాత్రూంకి వెళ్లాలంటే ఎలాగోలా ఉందని ఆడవాళ్లు అన్నారు. వాళ్లు తుడిచిన రోడ్డు ఎంత శుభ్రంగా ఉందో చూసే వాచీ మాత్రం ఇంకా ఎవరూ కొన్నట్టు లేదు.

ఇక్కడ ఒక తలతిక్క ప్రశ్న గురించి చెప్పాలి. ఏరియా మేనేజర్ నుంచి పైవాళ్ల ఫోన్లలో ఈ యాప్ ఎందుకు లేదని కంపెనీ మీటింగులో ఒక రెప్ లేచి అడిగాడట. వాళ్లవి నమ్మకం మీద నడిచే ఉద్యోగాలని, వాళ్లు ఎక్కడున్నా పనిలోనే ఉన్నట్టని పెద్దలు ఓపిగ్గా వివరించారు. మీటింగ్ గోవాలో, సముద్రం పక్కనే ఓ రిసార్టులో జరిగింది. అడిగినవాడి లిస్టులో గోవా డాక్టర్లెవరూ లేరు కాబట్టి అతనికి మూడు రోజులూ ఆబ్సెంటు పడింది.