ఆదివారం చేపల తొట్టెకు తలంటు

కాఫీ అయ్యాక ఇంటాయన కన్ను ఈశాన్యం మూలనున్న చేపల తొట్టె మీద పడిందంటే, చేపలకు ఏలినాటి శని పట్టినట్టే. అద్దం మీద పచ్చటి పాచి, రాళ్ల సందుల్లో గోధుమరంగు మడ్డి. ఫిల్టర్ స్పాంజి అయితే అసలు రంగేమిటో మర్చిపోయింది. "ఛీ, ఇందులో ఎలా బతుకుతున్నాయే ఇవి!" అని లుంగీ ఎగ్గడతాడు. ఆ స్పాంజి పుణ్యానే బతుకుతున్నాయని చెప్పే దిక్కు ఇంట్లో ఎవరూ లేరు.

తొట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుకు కాస్త కిందిదాకా నింపితే 50 లీటర్లు పడుతుంది. అందులో గోల్డ్ ఫిష్ 9. ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది ఉంటే ఇంటికి కలిసొస్తుందని ఎవరో చెప్పారు. చేపలకు కలిసొస్తుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ నీళ్లకు రెండు గోల్డ్ ఫిష్ ఉన్నా ఎక్కువే.

ముందు చేపల్ని పట్టే ఘట్టం. ఎనిమిదీ ఎలాగో దొరుకుతాయి గానీ నల్లది దొరకదు. వలతో తరిమే కొద్దీ దాని ఒంటిమీది జిగురు పొర గీసుకుపోతుంది. రోగాల నుంచి కాపాడేది ఆ పొరే. అసలు తొట్టె కడగడానికి చేపల్ని బయటికి తియ్యక్కర్లేదు. తీసి వేసింది ఎందులో? నిన్న బట్టలు నానబెట్టిన బకెట్లో! కంటికి కనబడని సబ్బు చాలు, మొప్పలు దెబ్బతినడానికి. చేపల పనికి వేరే బకెట్ కొని, మార్కర్‌తో పేరు రాసి దాచుకోవాలి. లేకపోతే బుధవారానికల్లా అందులో దుప్పట్లు నానుతుంటాయి.

తర్వాత రాళ్లను వేడినీళ్లలో ఉడకబెట్టారు, అద్దాన్ని గిన్నెల సబ్బుతో తోమారు. స్పాంజిని కొళాయి కింద పెట్టి, తెల్లటి నీళ్లు వచ్చేదాకా ఆయనే పిండాడు. "చూడవోయ్, కొత్తదానిలా వచ్చింది" అన్నాడు ఇంటావిడతో. నిజమే, కొత్తదానిలాగే వచ్చింది. చిక్కంతా అక్కడే.

చేపలు మొప్పల ద్వారా, విసర్జన ద్వారా అమ్మోనియా వదులుతాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే వస్తుంది. స్పాంజిలో, రాళ్ల మీద కాపురముండే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైటూ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ మరీ పేరుకుపోతే తప్ప చేపలకు పెద్దగా హాని లేదు. కొత్త తొట్టెలో ఈ కాపురం కుదరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ కలిపేదే బ్యాక్టీరియాను చంపడానికి. అది స్పాంజిలోదా కలరాదా అని క్లోరిన్ విచారించదు. రాళ్ల మీద మిగిలినవాటి సంగతి ఉడకబెట్టడంతోనే తేలిపోయింది.

ఇక నింపడం. మే నెల, మధ్యాహ్నం రెండింటికి, డాబా మీది నల్ల ట్యాంకు నుంచి. ఆ నీళ్లతో స్నానం చేయాలంటే మనిషే మగ్గుతో ముందు కాలి మీద పోసుకుని చూసుకుంటాడు. పాత నీటికీ కొత్త నీటికీ తేడా రెండు డిగ్రీలు మించకూడదు. మొత్తం నీళ్లు మార్చేసినప్పుడు ఆ తేడాను చేప ఒంటిమీదే చూసుకోవాలి. పైపెచ్చు ఎందుకైనా మంచిదని దుకాణంవాడిచ్చిన నీలం మందు ఓ మూతెడు పోశాడు. మిగిలిన కాసిని బ్యాక్టీరియాకూ సెలవు.

ఆదివారం సాయంత్రం తొట్టె తళతళలాడింది. ఫొటోలు తీసి బంధువుల గ్రూపులో పెట్టారు. మంగళవారానికి నీళ్లు కలిగంజిలా తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. "పాపం, ఆకలేస్తోందిరా వాటికి" అని బామ్మ గుప్పెడు మేత వేసింది. అవి అడుగుతున్నది గాలి. అమ్మోనియా మొప్పల్ని కాల్చేస్తే నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా అందదు. పైగా ఇలాంటి వేడిలో, బోరు నీళ్లలాంటి క్షారగుణమున్న నీళ్లలో అమ్మోనియా విషం మరింత పెరుగుతుంది. బామ్మ వేసిన మేత కుళ్లి ఇంకాస్త తోడైంది. తెల్లబడ్డ నీళ్లు చూసి ఇంటాయన మళ్లీ లుంగీ ఎగ్గట్టబోయాడు.

ఇక్కడే ఆపాలి. ఆ తెల్లదనం నీళ్లలో తేలే వేరే రకం బ్యాక్టీరియా, కొన్నాళ్లకు దానంతటదే పోతుంది. చెయ్యాల్సింది మేత రెండు రోజులు ఆపడం (బామ్మ దగ్గర డబ్బా దాచడం), ఎయిర్ పంపు ఆగకుండా నడపడం, చేపలు కోలుకునేదాకా రోజూ 12 నుంచి 15 లీటర్లు తీసి అంతే పోయడం. పోసే నీళ్లు ముందురోజే పట్టి, మూత లేకుండా నీడలో ఉంచాలి. తొందరైతే బకెట్‌కు రెండు మూడు హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు వేసి కలిపితే క్లోరిన్ విరిగిపోతుంది. తెలిసినవాళ్ల తొట్టెలోని మురికి స్పాంజి ముక్క అడిగి తెచ్చి ఫిల్టర్లో దూరిస్తే ఇంకా మంచిది. మురికి అరువడగడానికి ఇంటాయన సిగ్గుపడతాడు, అది వేరే సంగతి.

మామూలు వారాల్లో పని అరగంట కూడా పట్టదు. ముందు ప్లగ్గు తియ్యాలి. అద్దం మీది పాచిని పాత ఏటీఎం కార్డుతో గీకాలి, మూలల్లో సిలికాన్ జోలికి పోకుండా. తర్వాత పైపుతో రాళ్ల సందుల మడ్డి లాగుతూ పావు వంతు నీళ్లు దింపాలి. పైపును నోటితో పీల్చేవాళ్లున్నారు. ఆ నీళ్ల రుచి ఒక్కసారి తెలిశాక పైపు మొత్తం తొట్టెలో ముంచి నింపి, చివర బొటనవేలు అడ్డంపెట్టి కింది బకెట్లోకి వదలడం నేర్చుకుంటారు. మధ్యలో ఫోన్ మోగినా పైపు వదలకూడదు. అది బకెట్లోంచి జారితే హాలు తొట్టె అవుతుంది. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండి, ఇంకా మురికిగా ఉండగానే పెట్టెయ్యాలి. ఇంటాయనకు ప్రాణం మీదికొచ్చేది ఈ మాటే.

దుకాణంవాడు "సార్, క్లీనర్ ఫిష్ వేసుకోండి, కడిగే పనే ఉండదు" అంటాడు. అడుగు దాటి పెరిగే ఆ సక్కర్ చేప తినే పాచికన్నా వదిలే మలమే ఎక్కువ. పెద్దదయ్యాక చెరువులో వదిలేస్తారు. జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే.

బకెట్లో మిగిలిన నల్లటి నీళ్లు పారబొయ్యక్కర్లేదు, నైట్రేట్ నిండా ఉంటుంది. కరివేపాకు కుండీకి పోసిన రెండు నెలల్లో ఇంటావిడే శనివారం రాత్రి గుర్తుచేస్తుంది: "ఏవండీ, రేపు చేపల నీళ్లు తీస్తున్నారా? అన్నీ మొక్కకే పోసుకుంటా, ఓ సగం తొట్టె తీయకూడదూ!"