బ్యూరెట్ ఎక్కడుంది సార్?

పోయిన సెమిస్టర్‌లో మా డిగ్రీ పిల్లలకి ఆన్‌లైన్ ల్యాబ్‌లో టైట్రేషన్ ఇచ్చాను, అంటే ఒక ద్రావణంలో ఇంకొకటి చుక్క చుక్కగా వదులుతూ రంగు ఎక్కడ మారిందో పట్టుకునే ప్రయోగం. క్లాసులో చూపు లేని కుర్రాడొకడున్నాడు. గాజుసామాను పగలదు, చేతిమీద యాసిడ్ పడదు, వాడికి ఇదే మేలనుకున్నాను.

తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ పెట్టుకుని ట్యాబ్ నొక్కుతూ పోయాడు. "బటన్... బటన్... గ్రాఫిక్... బటన్." దేనికీ పేరు లేదు. కాసేపటికి నా వైపు తిరిగి, "సార్, బ్యూరెట్ ఎక్కడుంది?" అన్నాడు. చుక్కలు వదిలే ఆ గొట్టం తెర మధ్యలోనే ఉంది. కానీ దాని నాబ్‌ని మౌస్‌తో పట్టుకుని తిప్పాలి. కీబోర్డుకి అది లేనట్టే. చివరికి పక్కవాడు తిప్పి, "పింక్ వచ్చిందిరా, రాస్కో" అన్నాడు. వీడు రాసుకున్నాడు. రికార్డులో సంతకం పెట్టింది నేనే.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా టెన్త్ తర్వాత సైన్స్ చదువుతానంటే కుదరదన్నారు. కోర్టుకెళ్లి సీటు తెచ్చుకున్నాడు, తర్వాత ఎంఐటీలో చదివాడు. ఇప్పుడు మనం సీటైతే ఇస్తున్నాం, బ్యూరెట్ ఇవ్వట్లేదు.

ఇదేమీ రాకెట్ తయారుచేసేంత పని కాదండీ. బాణం కీ నొక్కితే 0.1 మి.లీ. దిగాలి, ఎంత దిగిందో పైకి చెప్పాలి. పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 8.2 దాటి రంగు వస్తుంటే ఒక శబ్దం రావాలి. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ అనే ఆన్‌లైన్ ప్రయోగాల సైట్‌లో 'ఓమ్స్ లా' తెరవండి, ఉచితమే. కీబోర్డుతో వోల్టేజ్ పెంచితే కరెంట్ ఎంతైందో మాటల్లో చెబుతుంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ కూడా ఎలక్ట్రానిక్ మీడియాలో ఉన్నదంతా అందుబాటు రూపంలో ఉండేలా చూడమని ప్రభుత్వాలకే చెప్పింది. ఈ ఆన్‌లైన్ ల్యాబ్‌లకి టెండర్ రాసేవాళ్లు అది చదివారా అని నా డౌటు.

చూపు లేనివాళ్ల సంగతే కాదు. వివరణ వీడియోకి కింద అక్షరాలు లేకపోతే వినపడని పిల్లకి అది మూగ సినిమా. చెయ్యి వణికే పిల్లాడు మౌస్‌తో చుక్క చుక్క వదలలేడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాడు టైట్రేషన్‌లో వేసే మిథైల్ ఆరెంజ్ రంగు ఎక్కడ మారిందో పట్టుకోలేడు. తనకా ఇబ్బంది ఉందని చాలాసార్లు వాడికే తెలియదు. అలాంటి ఒకణ్ణి "శ్రద్ధ లేదురా నీకు" అని నేనే తిట్టాను, నాలుగేళ్ల కిందట.

ఈ సెమిస్టర్ నుంచి ఏ ల్యాబ్ ఇవ్వాలన్నా ముందు మౌస్ పీకేసి నేనే చేసి చూస్తున్నాను. ఇప్పటికి నాలుగు చూశాను. ఒక్కటే చివరిదాకా వెళ్లింది. అందులోనూ గ్రాఫ్ దగ్గర నోరు విప్పలేదు.