బుడమేరు లెక్క తేలకుండా బెజవాడకు ప్లాన్ వేయగలమా?

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగినప్పుడు బయటి ఊళ్లవాళ్లు చాలామంది అది కృష్ణ వరద అనుకున్నారు. ఆ ఇళ్లను ముంచింది బుడమేరు. మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టి, జి.కొండూరు మీదుగా వచ్చి, నగరం ఉత్తర అంచును ఒరుసుకుంటూ కొల్లేరుకు పోయే వాగు అది. సింగ్ నగర్‌లో మొదటి అంతస్తు దాకా వచ్చిన నీళ్లలో ఎక్కువ భాగం పడింది నగరంలో కాదు, పల్లెల్లో. ఆ పల్లెలకు, ఈ నగరానికి కలిపి గీసిన ప్లాన్ ఒక్కటీ లేదు. నగరానికి మాస్టర్ ప్లాన్ ఉంది. పంచాయతీకి గ్రామాభివృద్ధి ప్రణాళిక ఉంది. వాగుకే ఏదీ లేదు.

వరద ఎలా వచ్చిందో ఒకసారి చూద్దాం. వెలగలేరు దగ్గర బుడమేరు మీద రెగ్యులేటర్, అంటే నీటిని అదుపు చేసే గేట్ల కట్టడం ఉంది. అక్కడి నుంచి వరదను మళ్లింపు కాలువలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలపాలన్నది ఏర్పాటు. పాత బుడమేరులోకి, అంటే నగరం వైపు, మామూలుగా నీళ్లు వదలరు. ఈ ఏర్పాటులో ఒక బలహీనత మొదటి నుంచీ ఉంది. కృష్ణ నిండుగా పారుతున్నప్పుడు మళ్లింపు కాలువ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి తంతాయి. ఆ సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) నమోదయ్యాయి. బ్యారేజీ చరిత్రలో అంత వరద ఎన్నడూ లేదు. అదే సమయంలో మళ్లింపు కాలువ మోయగలిగిన దానికి రెట్టింపుకు మించి బుడమేరు వచ్చిపడింది. కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వెలగలేరు గేట్లు ఎత్తక తప్పలేదు. నీళ్లన్నీ పాత వాగులోకి వెళ్లాయి. ఆ పాత వాగు నగరంలో అప్పటికే చాలాచోట్ల మురుగు కాలువంత సన్నబడి ఉంది.

గండ్లు పూడ్చారు, గట్లు బలపరుస్తున్నారు, కాలువ సామర్థ్యం పెంచే పని మాట్లాడుతున్నారు. అవన్నీ కావాల్సినవే. కానీ కాలువ ఎంత వెడల్పు చేసినా, ఎగువన పొలాలు ప్లాట్లుగా మారుతున్నంత కాలం దానిలోకి వచ్చే నీరు కూడా పెరుగుతూనే ఉంటుంది. ఈ పెరుగుదల ఎంతన్నది ఊహించుకోనక్కర్లేదు, లెక్క కట్టవచ్చు.

వంద ఎకరాల సాగుభూమి తీసుకోండి. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. పంట పొలంలో పడిన నీటిలో సుమారు 30 శాతం పారుతుంది, మిగతాది గట్ల మధ్య నిలిచి ఇంకుతుంది. అప్పుడు ఆ వంద ఎకరాల నుంచి వాగులోకి దిగేది సెకనుకు 1.7 ఘనపు మీటర్లు, అంటే 60 క్యూసెక్కులు. అదే భూమి లేఅవుట్ అయి, సిమెంటు రోడ్లు పడి, ఇళ్లు నిండాక 80 శాతం నీరు పారుతుంది. అప్పుడు దిగేది 4.5 ఘనపు మీటర్లు, దాదాపు 160 క్యూసెక్కులు. వాన అదే, భూమి అదే. వాగు మీద పడే బరువు మాత్రం రెండున్నర రెట్లు పైనే.

ఇక ఆ లేఅవుట్‌లో కట్టే కాలువను చూద్దాం. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న సిమెంటు కాలువ, కిలోమీటరుకు ఒక మీటరు వాలు ఉంటే, నిండుగా పారినా 9 క్యూసెక్కులకు మించి మోయదు. 160 క్యూసెక్కులకు అలాంటివి పదిహేడు పైచిలుకు కావాలి. పైగా అది సగం లోతు పూడిపోతే సామర్థ్యం సగం కాదు, 40 శాతానికి పడిపోతుంది. నీరు గోడలకు, అడుగుకు రాసుకునే పాళ్లు పెరిగి వేగం కూడా తగ్గుతుంది కాబట్టి. వేగం సెకనుకు 60 సెంటీమీటర్ల కంటే తగ్గితే ఇసుక అక్కడే పేరుకుంటుంది, పూడిక పూడికను పెంచుతుంది. మేలో తీయాల్సిన పూడికను ఆగస్టులో తీస్తే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. తీసిన మట్టిని గట్టు మీదే కుప్ప పోసి వదిలేస్తే తొలి వానకే మళ్లీ లోపలికి చేరుతుంది.

పరిష్కారం పెద్ద కాలువ ఒక్కటే కాదు. నీటిని పుట్టిన చోటే కాసేపు ఆపడం అంతకంటే చవక. మన లేఅవుట్ నిబంధనల ప్రకారం 10 శాతం ఖాళీ స్థలం ఎలాగూ వదలాలి. వంద ఎకరాలకు పదెకరాలు. పైన చెప్పిన గంట వానలో, పొలం నుంచి ఇల్లుగా మారడం వల్ల అదనంగా పారే నీరు సుమారు 10 వేల ఘనపు మీటర్లు. ఒకటిన్నర మీటర్ల లోతున దించిన పార్కు అయితే దీనికి 1.7 ఎకరాలు చాలు. మామూలు రోజుల్లో పిల్లలు ఆడుకునే మైదానం, వానొస్తే నీళ్లు నిలిచే గుంట. ఆ నీటిని ఒక రోజులో మెల్లగా వదలడానికి 300 మిల్లీమీటర్ల పైపు ఒకటి సరిపోతుంది. ప్లాట్లలో ఒక్క గజం కూడా తగ్గదు.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా తెలిసిందే. లేఅవుట్ వేసేవారు ఖాళీ స్థలాన్ని అమ్ముడుపోని వంకర మూలలో చూపిస్తారు. అది ఎత్తు మీద ఉంటే నీళ్లు అక్కడికి ఎక్కవు. లేఅవుట్‌లో అన్నింటికంటే పల్లపు మూలే ఖాళీ స్థలం కావాలని నిబంధనలో ఒక్క వాక్యం చేర్చాలి. బయటికి పోయే పైపు అడుగు, అవతలి వాగు వరద మట్టం కంటే పైన ఉండాలి. ఉండే వీలు లేకపోతే, నీళ్లు వెనక్కి రాకుండా బయటి వైపుకే తెరుచుకునే ఫ్లాప్ తలుపు పెట్టాలి, దాని ముందు ఇసుక దిగే తొట్టి కట్టాలి. మురుగునీటి కనెక్షన్ ఒక్కటి కలిసినా ఏడాదిలో అది దోమల గుంట అవుతుంది, ఆపైన కాలనీవాళ్లే పూడ్చమని అర్జీ పెడతారు. కృష్ణా జిల్లా నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు కాబట్టి ఇంకుడు గుంతల మీద ఆశ పెట్టుకుని లెక్క కట్టకూడదు. ఇక్కడ పని నీటిని ఇంకించడం కాదు, ఆలస్యం చేయడం.

పల్లె చెరువు కూడా ఇదే పని చేయగలదు, కానీ మనం అనుకునే తీరులో కాదు. పూడిక తీస్తే వరద తగ్గుతుందన్న మాట సగమే నిజం. ఆగస్టు చివరికి చెరువులు నిండి అలుగు పారుతుంటాయి. నిండిన చెరువు ఎంత లోతున్నా కొత్త వరదను పెద్దగా ఆపలేదు. ఆపాలంటే వాన ముందే కాస్త ఖాళీ ఉంచాలి. 50 ఎకరాల నీటి విస్తీర్ణమున్న చెరువులో ఒక్క అడుగు తగ్గిస్తే దాదాపు 22 లక్షల ఘనపుటడుగుల జాగా దొరుకుతుంది. వంద క్యూసెక్కుల ప్రవాహాన్ని ఆరు గంటలు పట్టి ఉంచగల జాగా అది. ఆ అడుగు నీటిని రెండు రోజుల ముందు తూము ద్వారా వదలాలంటే 13 క్యూసెక్కుల చొప్పున పోతే చాలు. వాతావరణ శాఖ భారీ వర్ష సూచన ఇచ్చేది కూడా దాదాపు అంత ముందే.

రైతు దీనికి ఎందుకు ఒప్పుకోవాలి? సూచన తప్పి వాన పడకపోతే అతని ఆయకట్టు ఎండుతుంది. నగరం కోసం అతను నష్టపోవాల్సిన పని లేదు. అందుకే ముందుగానే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. వదిలిన అడుగు నీరు పదిహేను రోజుల్లో తిరిగి చేరకపోతే, ఆయకట్టు ఎకరాకు ఇంత అని నగరపాలక సంస్థ చెల్లించాలి. సింగ్ నగర్‌లో ఒక్క వీధిలో పాడైన ఫ్రిజ్‌లు, ఆటోలు, దుకాణాల సరుకు విలువతో పోల్చితే ఆ పరిహారం పెద్ద మొత్తం కాదు. పల్లె నగరానికి చేసే సేవకు ధర కట్టకుండా, రెండింటికీ కలిపి ప్లాన్ అనడం రైతు దృష్టిలో మోసమే అవుతుంది.

వీటన్నిటికీ ముందు కావాల్సింది సరైన పటం. మామూలుగా దొరికే టోపోషీట్లలో, అంటే ఎత్తుపల్లాలు చూపే పటాల్లో, ఎత్తు రేఖల మధ్య తేడా 10 లేదా 20 మీటర్లు. డెల్టాలో ఊరంతా కలిపి వాలు అంతకంటే తక్కువ. అర మీటరు తేడాతో గీసిన పటం లేకుండా నీరు ఎటు పోతుందో చెప్పడం అసాధ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే కోసం డ్రోన్లు ఊళ్ల మీద ఎగిరాయి. అది హద్దుల కోసం చేసిన పని. దాన్ని ఎత్తుల సర్వేతో కలిపితే సగం శ్రమ తగ్గుతుంది. గ్రామ సచివాలయాల్లో సర్వేయర్, ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఇద్దరూ ఉండేలా వ్యవస్థ ఏర్పడింది. ప్రతి తూము, చప్టా, కల్వర్టు దగ్గర అడుగు మట్టం, వెడల్పు, ఎత్తు ఈ మూడూ కొలిచి పటం మీద ఎక్కించడానికి కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు.

ఎందుకంత చిన్న విషయాలంటే, వాగు మొత్తం సామర్థ్యం దానిలోని అతి ఇరుకు కల్వర్టు సామర్థ్యమే. పంచాయతీరాజ్ రోడ్డు కింద నాలుగు పైపులు వేసి, దాని దిగువన రైల్వే కట్ట కింద రెండు ఖానాలు వదిలి, ఇంకా దిగువన ఎనికేపాడు దగ్గర డెల్టా కాలువల కింద నుంచి అండర్ టన్నెల్‌లోకి పంపిస్తాం. ఒక్కో కట్టడం ఒక్కో శాఖది, ఒక్కో కాలంలో ఒక్కో వరద లెక్కతో కట్టింది. ఎగువన ఒకటి వెడల్పు చేస్తే ముంపు దిగువకు జరుగుతుంది, అంతే. పని ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకు రావాలి. బుడమేరు విషయంలో ఆ దిగువ కొల్లేరు, దాని నుంచి సముద్రానికి పోయే ఉప్పుటేరు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రవాహాన్ని అడ్డుకుంటుంటే, ఉప్పుటేరు పూడి ఉంటే, విజయవాడలో ఎన్ని కోట్లు పెట్టినా నీరు నిలబడే ఉంటుంది.

నిబంధనల్లోనూ ఒక లోపం సరిదిద్దాలి. రాష్ట్ర భవన నిబంధనలు పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు, కాలువకు హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే సన్నని వాటికి 2 మీటర్లు వదలమన్నాయి. ఈ కొలత వాగుకు స్థిరమైన హద్దు ఉందనుకుని పెట్టింది. వేసవిలో ఐదు మీటర్లున్న వాగు వరదలో వంద మీటర్లకు పరుచుకుంటుంది. రికార్డులో ఐదు మీటర్లే ఉంటే చట్టప్రకారం రెండు మీటర్ల అవతల ఇల్లు కట్టవచ్చు. పొలాల మధ్య బోదెలు, నీళ్లు పారే డొంకలు చాలాచోట్ల అసలు మాస్టర్ ప్లాన్‌లో కనిపించవు. ఎఫ్ఎంబీలో, అంటే సర్వే నంబర్ల కొలతల పుస్తకంలో మాత్రం సన్న గీతగా ఉంటాయి. సాగుభూమిని ఇళ్ల స్థలంగా మార్చే భూమార్పిడి జరిగేటప్పుడు ఆ గీతను చూసేవారు లేరు, మట్టి తోలేశాక అడిగేవారూ లేరు. దూరం కొలవాల్సింది వాగు గట్టు నుంచి కాదు, పాతికేళ్లకోసారి వచ్చే వరద మట్టం నుంచి.

ఇన్ని శాఖలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే అధికారం ఎవరికుంది? కొత్త సంస్థ అక్కర్లేదు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, అధికరణం 243 జెడ్‌డీ కింద, ప్రతి జిల్లాకు ప్రణాళికా కమిటీ ఉండాలంది. పంచాయతీలు, మునిసిపాలిటీల ప్లాన్లను కలిపి జిల్లాకు ఒకే ముసాయిదా తయారుచేయడం దాని పని. స్థలాల వినియోగం, నీటి పంపకం, పర్యావరణ పరిరక్షణ ఆ ముసాయిదాలో చూడాలని రాజ్యాంగమే రాసింది. సభ్యుల్లో కనీసం ఐదింట నాలుగు వంతులు పల్లె, పట్టణ ప్రతినిధుల నుంచి, జనాభా నిష్పత్తిలో ఎన్నికవ్వాలి. ఇంతకంటే సరిపోయే వేదిక మరొకటి ఊహించలేం. ఆచరణలో అది నిధుల జాబితాలకు ఆమోదముద్ర వేసే సమావేశంగా మిగిలిపోయింది. బుడమేరు ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు జిల్లాలకు సంబంధించింది కాబట్టి మూడు కమిటీల ఉమ్మడి సమావేశం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ నవంబరులోనూ జరగాలి. మొదటిది పూడికతీత, గేట్ల మరమ్మతు, చెరువుల ఒప్పందాల కోసం. రెండోది ఆ ఏడాది నీరు ఎక్కడ, ఎంత ఎత్తున నిలిచిందో పటం మీద గుర్తించడం కోసం. ఆ గుర్తుల్లోపల పడే సర్వే నంబర్లకు భూమార్పిడి, లేఅవుట్ అనుమతి ఆపేయాలి.

అక్కడ పట్టా ఉన్న రైతు సంగతి తేల్చకుండా ఆపడం అన్యాయం. అతనికి నష్టపరిహారంగా బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కులు, అంటే వేరేచోట అదనంగా కట్టుకోవడానికి వాడుకునే లేదా అమ్ముకునే టీడీఆర్ బాండ్లు, మెరక ప్రాంతంలో చెల్లేలా ఇవ్వాలి. ఇప్పటికే పల్లంలో ఇళ్లు కట్టుకున్న కుటుంబాల విషయం ఇంకా కష్టం. వాళ్లు పల్లం ఎంచుకోలేదు, కూలి పనికి దగ్గరలో కొనగలిగింది అదొక్కటే. వాళ్లను ఇరవై కిలోమీటర్ల అవతల కాలనీకి తోలితే ఆరు నెలల్లో ఇల్లు తాళం వేసి తిరిగొస్తారు. పని దొరికే చోటికి ఐదారు కిలోమీటర్ల లోపు, బస్సు తిరిగే దారిలో, మెరక మీద స్థలం ముందు కొని, ఇళ్లు కట్టి, తాళాలు చేతికిచ్చాకే వాగు గట్టు ఖాళీ చేయించాలి.