2016 బండా, 2018 బండా?

గాజువాకలో బావ షెడ్డు. ఇరవై ఏళ్లుగా ఆయన చేతిలో ఎక్కువగా జర్మన్ బండ్లే. మధురవాడలో ఉద్యోగం చేసే బావమరిది తండ్రి కోసం సెకండ్‌హ్యాండ్ మెర్సిడెస్ ఈ-క్లాస్ డీజిల్ కొనాలనుకున్నాడు. రెండు బండ్లు నచ్చాయి: 2016 నాటి ఈ250 సీడీఐ, 2018 నాటి ఈ220డి.

బావమరిది: బావా, నేను 2018కే ఫిక్స్ అయిపోయాను. నాన్నకి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. మొన్న పాతదాంట్లో వెనక కూర్చోబెడితే కాళ్లు పక్కకి తిప్పుకున్నారు. రెండోదాంట్లో హాయిగా చాపుకున్నారు. వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, 2,874 మిల్లీమీటర్ల నుంచి 3,079కి పెంచారు. ఎనిమిది అంగుళాలు! అందులో ఎక్కువ భాగం వెనక సీటుకే వచ్చింది.

బావ: కూర్చోవడం చూశావు, దిగడం చూశావా? ఆ బండి పొడవు 5 మీటర్లు దాటింది. వెనక డోరు కూడా పొడుగే. అల్లిపురంలో మీ సందులో ఒక పక్క గోడ, ఒక పక్క కాలవ. డోరు సగమే తెరుచుకుంటే మోకాళ్లు సరిగ్గా మడవలేని మనిషి ఎలా దిగుతారు?

బావమరిది: సందు మొదట్లో దింపి చెయ్యి పట్టుకుని నడిపిస్తాను. హైదరాబాద్ వెళ్లేటప్పుడు? వెనక సీటు 37 డిగ్రీల దాకా వాలుతుంది. అన్నవరం రాకముందే నిద్రపోతారు.

బావ: ఇంజన్ సంగతికి రా. పాతది 2,143 సీసీ, 204 హార్స్‌పవర్, టార్క్, అంటే లాగే బలం, 500 న్యూటన్ మీటర్లు. నువ్వు చెప్పేది 1,950 సీసీ, 194 హార్స్‌పవర్, టార్క్ 400. నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామానుతో ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఆ వంద తేడా యాక్సిలరేటర్ మీద కాలికి తెలుస్తుంది.

బావమరిది: దానికి ఏడు గేర్లు, దీనికి తొమ్మిది. ఘాట్‌లో ఆ తేడా చాలావరకు గేర్లే పూడుస్తాయి. పైగా ఇంజన్ మొత్తం కొత్తది, బ్లాకు అల్యూమినియం, బరువే దాదాపు 35 కిలోలు తగ్గింది. పాతది పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకమంటూ వీధంతా లేపుతుంది.

బావ: శబ్దం నిజమే, కాదనను. కానీ అది పోత ఇనుము బ్లాకు. నా షెడ్డుకి వచ్చేవాటిలో రెండు లక్షల కిలోమీటర్లు దాటినా రిపేరుకని ఇంజన్ హెడ్డు విప్పనివి ఉన్నాయి.

బావమరిది: అయినా ఇది రెండేళ్లు కొత్తది కదా.

బావ: ఆ రెండేళ్లు కాగితం మీదే. నీ 2018 ఎక్కడుందో తెలుసా? లాసన్స్ బే కాలనీలో, సముద్రం గాలికి ఎదురుగా, ఆరుబయట. నిన్న టార్చి పట్టుకుని కింద దూరి చూశాను. సైలెన్సర్ క్లాంపు గోరుతో గీకితే ఎర్రటి పొర ఊడి చేతిలోకొచ్చింది. వెనక సస్పెన్షన్ బోల్టు తల అంచులు తినేసి గుండ్రంగా తయారైంది, పానా పట్టదు. అదే 2016 బండి గోపాలపట్నంలో సెల్లార్‌లో ఉండేది. ఫ్యాక్టరీలో బోల్టు మీద పెట్టిన పెయింటు గీత ఇంకా చెరగలేదు.

బావమరిది: తుప్పు పట్టిన బోల్టు మార్చొచ్చు బావా. ఎనిమిది అంగుళాలు ఎక్కణ్నుంచి తెస్తావు?

బావ: (కాసేపు ఆగి) అది తేలేను. బోల్టులతో ఆగితే నేనే మారుస్తాను, కూలి కూడా వద్దు. తుప్పు బ్రేక్ పైపులకీ, సస్పెన్షన్‌ని మోసే సబ్‌ఫ్రేముకీ పాకిందంటే మాత్రం ఒప్పుకోను. అందులో ఎక్కేది మావయ్య.

బావమరిది: రేపు లిఫ్టు ఎక్కిద్దాం. పైపులు బాగుంటే 2018 కొనేద్దామా?

బావ: బాగుంటే కొందాం. నువ్వు మాత్రం ఈ రాత్రికే టేపు పెట్టి మీ సందు కొలుచుకునిరా.